భయం నుంచి ప్రశంస దాకా: ‘ఆసమ్’ అనే ఇంగ్లిష్ మాట అర్థం ఎలా మారింది

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో నౌకాదళ దినోత్సవ విన్యాసాలు జరిగిన సాయంత్రాల్లో ఇసుకలో నిలబడి చూసినవారికి ఈ దృశ్యం పరిచయమే. హెలికాప్టర్లు తలల మీదుగా కిందికి దిగివస్తాయి. యుద్ధవిమానం దూసుకుపోయిన క్షణం తరువాత దాని శబ్దం వచ్చి గుండెల మీద పడుతుంది. చీకటి పడ్డాక సముద్రంలోని నౌకలన్నీ ఒక్కసారిగా దీపాలు వెలిగించుకుంటాయి. తండ్రి భుజాల మీద కూర్చున్న పిల్లవాడు ఆ శబ్దానికి ఆయన మెడను గట్టిగా కరుచుకుంటాడు, కళ్లు మాత్రం ఆకాశం మీది నుంచి తిప్పడు. పక్కనే ఫోన్లు పైకెత్తి నిలుచున్న కాలేజీ విద్యార్థులు ‘ఆసమ్’ అంటారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ మాటను వాడినవారు చెప్పదలచుకున్నది విద్యార్థుల ఉత్సాహం కన్నా ఆ పిల్లవాడి స్థితికే ఎక్కువ దగ్గరగా ఉండేది.

తెలుగువారి మాటల్లో బాగా కలిసిపోయిన ఇంగ్లిష్ విశేషణాల్లో ఇది ఒకటి. బిర్యానీ ఆసమ్, పాట ఆసమ్, అరకు ప్రయాణం ఆసమ్. అయినా రోజూ వాడేవారిని సైతం తికమక పెట్టే ప్రశ్నలు దీని చుట్టూ ఉన్నాయి. ఇది మెచ్చుకోలు మాట అయినప్పుడు, ఇదే మూలం నుంచి పుట్టిన ‘ఆఫుల్’ అనే మాటకు ‘చాలా చెడ్డది’ అన్న అర్థం ఎలా వచ్చింది? పత్రికలో ‘ఆసమ్ రెస్పాన్సిబిలిటీ’ అని చదివినప్పుడు అది గొప్ప బాధ్యత అనుకోవాలా, మోయలేని బాధ్యత అనుకోవాలా? అమెరికాలోని క్లయింటు ప్రతి మాటకూ ‘ఆసమ్’ అంటున్నప్పుడు దానిని ప్రశంసగా లెక్కపెట్టుకోవచ్చా? వీటికి జవాబు దొరకాలంటే ముందు ఆ మాట లోపల ఏముందో చూడాలి.

మాట లోపల ఉన్న భయం

‘ఆసమ్’ రెండు ముక్కల మాట. మొదటి ముక్క ‘ఆ’ అని పలికే నామవాచకం. దీని మూలం స్కాండినేవియా ప్రజల పాత నార్స్ భాషలోని ‘అగి’ అనే పదం. దాని అర్థం భయం. తొమ్మిదో శతాబ్దంలో వైకింగులు ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడినప్పుడు వారి మాటలు చాలా ఇంగ్లిష్‌లోకి వచ్చి చేరాయి. భయానికి పాత ఇంగ్లిష్‌లో ‘ఎగె’ అనే సొంత మాట ఉండేది, అది కూడా ‘అగి’కి చుట్టమే. కాలక్రమంలో వలస వచ్చిన మాట నిలిచింది, సొంత మాట కనుమరుగైంది. రెండో ముక్క ‘సమ్’ అనే ప్రత్యయం, ఒక గుణం కలిగినదని లేదా దానిని కలిగించేదని చెప్పేది. ‘టైర్‌సమ్’ అంటే అలసట కలిగించేది, ‘ట్రబుల్‌సమ్’ అంటే ఇబ్బంది పెట్టేది. ఆ లెక్కన ‘ఆసమ్’ అంటే భయం కలిగించేది.

అయితే ఆ భయం పామును చూసినప్పటి భయం ఒక్కటే కాదు. మతగ్రంథాల్లో దేవుని గురించి పదేపదే వాడడం వల్ల ‘ఆ’ అనే నామవాచకం అర్థంలోకి భక్తి, గౌరవం, తన అల్పత్వం తనకు తెలియడం కూడా వచ్చి చేరాయి. ‘వాడికి పెద్దలంటే భయభక్తులు ఉన్నాయి’ అని మనం అన్నప్పుడు భయాన్నీ భక్తినీ విడదీయకుండా ఒకే సమాసంలో కడుతున్నాం. నిఘంటువులు వాక్యాలకు వాక్యాలు రాసి వివరించే ఆ ఇంగ్లిష్ నామవాచకాన్ని తెలుగు ఈ ఒక్క జంటపదంతో చాలావరకు పట్టుకోగలుగుతుంది. విశేషణంగా ‘ఆసమ్’ పదహారో శతాబ్దం చివర కనిపిస్తుంది. మొదట్లో దానికి భయభక్తులతో నిండినవాడు అనే అర్థం ఉండేది. పదిహేడో శతాబ్దానికి భయభక్తులు కలిగించేది అనే అర్థం వచ్చింది.

ఒకే వాక్యం, మూడు అనువాదాలు

అర్థం మారిన తీరును చూపించడానికి బైబిల్ అనువాదాలను మించిన సాక్ష్యం దొరకదు. కీర్తనల గ్రంథం 47వ కీర్తన రెండో వచనంలో దేవుని వర్ణించే ఒక విశేషణం ఉంది. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ అనువాదం దానిని ‘టెర్రిబుల్’ అని తర్జుమా చేసింది. ఆనాటి చదువరికి అందులో తప్పు కనపడలేదు, ఎందుకంటే భీతి గొలిపే మహిమ కలవాడు అనే అప్పటికి దాని భావం. ఇరవయ్యో శతాబ్దం చివరికి ‘టెర్రిబుల్’ అంటే నాసిరకం, ఘోరం అనే అర్థాలే మిగిలాయి. అందుకే న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ అనువాదకులు అదే చోట ‘ఆసమ్’ అని రాశారు. తెలుగు బైబిల్ మాత్రం ‘భయంకరుడు’ అనే అంటోంది. ఈ మాట విన్న తెలుగు క్రైస్తవుడు ఉలిక్కిపడడు, గ్రాంథికమైన ఆ సందర్భంలో దానిని భయభక్తులకు తగినవాడు అనే అర్థం చేసుకుంటాడు.

భగవద్గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడిదీ ఇదే అనుభవం. ఇరవయ్యో శ్లోకంలో అతడు విశ్వరూపాన్ని ‘అద్భుతం’ అనీ ‘ఉగ్రం’ అనీ ఒకే పాదంలో అంటాడు. నలభై అయిదో శ్లోకంలో, మునుపెన్నడూ చూడనిదాన్ని చూసి సంతోషించాననీ, తన మనసు భయంతో కలత చెందిందనీ ఒకే ఊపిరిలో చెబుతాడు. పాత ‘ఆసమ్’కు వివరణ కావాలంటే నేను నిఘంటువు కన్నా ముందు ఈ శ్లోకాలనే చూపిస్తాను. భరతుడి నాట్యశాస్త్రం అద్భుతాన్నీ భయానకాన్నీ రెండు వేర్వేరు రసాలుగా చెప్పి, విస్మయం ఒకదానికి, భయం మరొకదానికి స్థాయీభావమని, అంటే ఆ రసానికి ఆధారమైన భావమని, విభజించింది. ఇంగ్లిష్‌లోని ఈ పాత మాట ఆ రెండు రసాల సరిహద్దు మీద నిలబడిన మాట.

విశాఖవాసులకు ఇంకా దగ్గరి ఉదాహరణ సింహాచలంలో ఉంది. వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే దర్శనమిస్తాడు. అక్షయ తృతీయనాడు, చందనోత్సవంలో, ఆ పూత తొలగించినప్పుడు మాత్రమే నిజరూపం కనిపిస్తుంది. స్వామి ఉగ్రత్వాన్ని చల్లబరచడానికే చందనమని భక్తుల నమ్మకం. ఉగ్రరూపమని తెలిసీ, దానినే కళ్లారా చూడాలని గంటల తరబడి క్యూలో నిలుచునే భక్తుడి మనసులో ఏ భావం ఉంటుందో, పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్‌లో ‘ఆసమ్’ అనేది సరిగ్గా ఆ భావానికి చెందిన మాట.

పాశ్చాత్యులు కూడా ఈ కలయిక గురించి చాలా ఆలోచించారు. బ్రిటిష్ ఆలోచనాపరుడు ఎడ్మండ్ బర్క్ 1757లో ప్రచురించిన తన గ్రంథంలో అందానికీ మహోన్నతికీ తేడా చెబుతూ, మహోన్నతమైన దాని వెనుక ఏదో ఒక రూపంలో భీతి ఉంటుందని వాదించాడు. 2003లో డాకర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ భావానికి రెండు లక్షణాలు కీలకమని ప్రతిపాదించారు. ఒకటి, ఎదురుగా ఉన్నది మనకన్నా చాలా పెద్దదిగా తోచడం. రెండోది, అప్పటిదాకా మనకున్న అవగాహనలో అది ఇమడకపోవడం వల్ల ఆ అవగాహననే మార్చుకోవలసి రావడం. ఈ కొలత పెడితే బీచ్‌లోని పిల్లవాడి అనుభవం నిలుస్తుంది, బిర్యానీ నిలవదు.

ఒకే ఇంటి బిడ్డలు, వేర్వేరు దారులు

‘ఆఫుల్’ కూడా ఇదే ‘ఆ’ నుంచి పుట్టింది. ‘ఫుల్’ అంటే నిండినది. చాలా కాలం దానికీ భయభక్తులు గొలిపేది అనే గౌరవప్రదమైన అర్థమే ఉండేది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అది చాలా చెడ్డది అనే అర్థానికి దిగిపోయింది. ‘ఆసమ్’ మాత్రం మతగ్రంథాల వాతావరణంలో, గంభీరమైన రచనల్లో అరుదుగా వాడుకలో ఉంటూ ఇరవయ్యో శతాబ్దం దాకా పెద్దగా చెక్కుచెదరలేదు. 1960ల నాటికి చాలా బాగుంది అనే తేలిక అర్థం కనిపించసాగింది. 1980ల తరువాత అమెరికా యువత నోట అది ఊపందుకుని, సినిమాల ద్వారా, టీవీ ద్వారా, ఆపైన ఇంటర్నెట్ ద్వారా ప్రపంచమంతటికీ చేరింది.

తెలుగు భాషాశాస్త్ర పుస్తకాలు ఇలాంటి మార్పులను అర్థవిపరిణామం అంటాయి. మంచి అర్థం చెడడం అర్థాపకర్ష, సామాన్యమైన లేక తక్కువ అర్థం పైకెక్కడం అర్థోత్కర్ష. ప్రాచీన తెలుగులో ‘కంపు’ అంటే సువాసన, ఇప్పుడు దుర్వాసన. దేవుడికి చేసే సేవ ‘కైంకర్యం’, ఇప్పుడు సొమ్ము కైంకర్యం చేశాడంటే కాజేశాడని. ఇవి అపకర్షకు ఉదాహరణలు. రాజులను స్తుతిపాఠాలతో నిద్రలేపే ‘వైతాళికులు’ జాతిని మేల్కొలిపే మహనీయులయ్యారు, ఇది ఉత్కర్ష. ఈ లెక్కలో ‘ఆఫుల్’ కంపు దారిన పోయింది, ‘ఆసమ్’ వైతాళికుల దారిన నడిచింది. ఒకే ఇంట్లో పుట్టిన రెండు మాటలు ఇలా రెండు వైపులకు వెళ్లడానికి ఒక చిన్న సౌలభ్యం కారణం కావచ్చునని నాకనిపిస్తుంది. ‘ఆఫుల్’ అప్పటికే చెడు వైపు స్థిరపడింది కనుక, మంచి వైపు చోటు ‘ఆసమ్’కు ఖాళీగా దొరికింది.

‘టెర్రిఫిక్’ కథ ఇంకా విచిత్రమైనది. లాటిన్‌లో భయపెట్టేది అని దాని అర్థం. ఇంగ్లిష్ కవి మిల్టన్ 1667లో తన మహాకావ్యంలో సర్పం జూలును వర్ణించడానికి ఈ మాటనే వాడాడు, అక్కడ ప్రశంస లేశమైనా లేదు. పందొమ్మిదో శతాబ్దంలో మొదట ‘తీవ్రమైన, విపరీతమైన’ అనే అర్థం వచ్చింది, ఆ శతాబ్దం చివరికి ‘చాలా బాగుంది’ అనే అర్థం మొలిచింది. ఒకే మూలానికి చెందిన ‘టెర్రిబుల్’ కింద, ‘టెర్రిఫిక్’ పైన ఉన్నాయి. మిగిలిన మెచ్చుకోలు మాటలను తరచి చూసినా అడుగున ఏదో ఒక కలవరమే కనిపిస్తుంది. ‘అమేజింగ్’ అంటే దిక్కు తోచకుండా చేసేది, దారి తెలియని చిక్కుదారికి ఇంగ్లిష్‌లో పేరైన ‘మేజ్’ దాని చుట్టమే. ‘ఆస్టోనిషింగ్’ వెనుక ఉరుమును సూచించే లాటిన్ ధాతువు ఉంది. ‘ఇన్‌క్రెడిబుల్’ అంటే నమ్మశక్యం కానిది.

మన నోట్లోనూ ఇదే జరిగింది

ఇది ఇంగ్లిష్ వారి అలవాటు మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. ‘గుండె అదిరింది’ అంటే భయం, ‘సినిమా అదిరింది’ అంటే ప్రశంస. వణుకునూ కంపనాన్నీ చెప్పే ‘అదురు’ అనే క్రియ, ‘ఆసమ్’ నడిచిన దారినే మన కళ్ల ముందు నడిచింది. ‘కేక’ అరుపు నుంచి మెచ్చుకోలుగా మారింది. కుర్రవాళ్లు ఏదైనా బాగా నచ్చినప్పుడు ‘బీభత్సం’ అనీ ‘అరాచకం’ అనీ అంటున్నారు. బీభత్సం జుగుప్సకు సంబంధించిన రసమనీ, అరాచకమంటే పాలన లేని స్థితి అనీ వారికి తెలియక కాదు. మామూలు మాట బలం చాలక, బలమైన మాట కోసం చెయ్యి చాస్తే దొరికినవి అవి.

చాలామంది గమనించని ఉదాహరణ ‘విపరీతం’. వినాశకాలంలో పుట్టే బుద్ధిని విపరీతబుద్ధి అంటారు. తలకిందులైనది, అపసవ్యమైనది అని దాని అసలు అర్థం. ఇప్పుడు ‘ఈ పుస్తకం నాకు విపరీతంగా నచ్చింది’ అని ఎంతో శుద్ధంగా రాసేవారు సైతం రాస్తారు, దానిని తప్పుపట్టేవారు కనిపించరు. ఇంగ్లిష్‌లో ‘ఆఫుల్లీ కైండ్’ అంటే ‘ఎంతో దయగలవారు’ అనే మర్యాదమాట. అందులో ‘ఆఫుల్లీ’ చేస్తున్న పని, మన వాక్యంలో ‘విపరీతంగా’ చేస్తున్న పని ఒక్కటే.

దీని వెనుక యంత్రాంగం సరళమైనది. తీవ్రమైన అనుభవాన్ని చెప్పడానికి తీవ్రమైన మాట వాడతాం. అది విన్నవారు కొంచెం తక్కువ తీవ్రమైన సందర్భంలోనూ దానినే వాడతారు. పదిమందీ వాడేసరికి మాట పలచబడుతుంది, అప్పుడు నిజంగా తీవ్రమైన దానికోసం ఇంకో మాట వెతుక్కోవలసి వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పాత్రను ఇప్పుడు ‘ఆ-ఇన్‌స్పైరింగ్’ అనే పొడుగు సమాసం పోషిస్తోంది. ‘ఆసమ్’ ఖాళీ చేసిన పీట మీద అది కూర్చుంది. ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. విశేషణం తేలికైపోయినా ‘ఆ’ అనే నామవాచకం తేలిక కాలేదు. 1996లో హార్లన్ ఉల్మన్, జేమ్స్ వేడ్ అనే అమెరికా సైనిక వ్యూహకర్తలు ప్రతిపాదించగా 2003 ఇరాక్ యుద్ధంతో లోకమంతా విన్న ‘షాక్ అండ్ ఆ’ అనే సైనిక సిద్ధాంతం పేరులో ఆ మాట శత్రువును నిలువునా జడిపించడాన్నే చెబుతుంది.

సందర్భాన్ని బట్టి అర్థం

ఇప్పుడు మొదటి ప్రశ్నలకు వద్దాం. రుషికొండ ఐటీ కొండల మీది ఒక కంపెనీలో పనిచేసే ఉద్యోగిని, అమెరికా క్లయింటుతో కాల్‌లో ‘ఫైలు సాయంత్రం అయిదింటికి పంపుతాను’ అంటుంది. అవతలి వ్యక్తి ‘ఆసమ్’ అంటాడు. ఇక్కడ అద్భుతమైనది ఏదీ జరగలేదు, ఫైలు ఇంకా వెళ్లనైనా లేదు. అమెరికన్ల రోజువారీ మాటల్లో ఈ ‘ఆసమ్’ మన ‘సరే, మంచిది’కి సమానం. అదే వ్యక్తి ఫైలు చూశాక, ఇందులో ఫలానా భాగం తన పనిని ఎలా తేలిక చేసిందో చెప్పి, అప్పుడు ‘ఆసమ్’ అంటే అది ప్రశంసే. ఎందుకు మెచ్చాడో చెప్పే మాటలు పక్కన ఉన్నాయా లేవా అన్నదే తేడా పట్టిస్తుంది.

రెండో ఉదాహరణ. ఒక సంపాదకీయంలో, అణ్వాయుధాలున్న దేశపు అధినేతది ‘ఆసమ్ రెస్పాన్సిబిలిటీ’ అని ఉందనుకుందాం. ఇక్కడ ‘మహా గొప్ప బాధ్యత, అదృష్టవంతుడు’ అని చదివితే వాక్యం తలకిందులవుతుంది. తలచుకుంటే భయం పుట్టేంత బరువైన బాధ్యత అని అర్థం. బాధ్యత, పని, శక్తి, నిశ్శబ్దం వంటి నామవాచకాల ముందు, గంభీరమైన రచనలో వచ్చినప్పుడు ఈ మాట తన పాత బరువును ఇంకా మోస్తూనే ఉంది.

మూడోది మన ఊరికి బాగా తెలిసిన అనుభవం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. దాని గురించి ఒక ఇంగ్లిష్ వ్యాసం ‘ఆసమ్ పవర్’ అనో ‘టెర్రిఫిక్ విండ్స్’ అనో రాస్తే, ఆనాడు కిటికీలు పగిలిన ఇంట్లో తలుపులకు బల్లలు అడ్డంపెట్టి కూర్చున్నవారికి అనువాదం అక్కర్లేదు. ఆ అనుభవం లేని విద్యార్థి మాత్రం దానిని ‘తుపాను అద్భుత శక్తి’, ‘బ్రహ్మాండమైన గాలులు’ అని తెలుగు చేసే ప్రమాదం ఉంది. భీకరశక్తి, ప్రచండమైన గాలులు అన్నవి ఇక్కడ సరైన మాటలు. గాలి, చప్పుడు, వేగం, దెబ్బ లాంటి వాటితో కలిసినప్పుడు ‘టెర్రిఫిక్’ ఇప్పటికీ తీవ్రతనే చెబుతుంది.

వ్యాకరణంలో ఒక చిక్కు. మన విద్యార్థులు ‘వెరీ ఆసమ్’ అని తరచుగా రాస్తారు. ‘గుడ్’ ముందు ‘వెరీ’ పెట్టవచ్చు, ఎందుకంటే మంచితనానికి మెట్లున్నాయి. ‘ఆసమ్’ చివరి మెట్టు మీదే ఉన్న మాట కనుక దాని ముందు ‘వెరీ’ ఇంగ్లిష్ చెవికి అతకదు. ‘అబ్సొల్యూట్లీ’, ‘ట్రూలీ’ వంటివి అతుకుతాయి. తెలుగులో ‘చాలా అత్యుత్తమమైన’ అని రాస్తే కలిగే ఇబ్బందే ఇది, ‘అతి’ అన్నది మాటలోనే ఉన్నప్పుడు ‘చాలా’ ఎందుకని. పలుకుబడి సంగతికొస్తే, మొదటి అచ్చు ఇంగ్లిష్‌లో ఆకారానికీ ఓకారానికీ నడుమ ఉంటుంది. దానికి తెలుగులో అక్షరం లేదు. ‘లా కాలేజీ’లోని ‘లా’, ‘బాల్’, ‘హాల్’ ఏ పద్ధతిలో మనవయ్యాయో ‘ఆసమ్’ కూడా ఆ పద్ధతిలోనే అయింది.

పాడైందనేవారు, పెరిగిందనేవారు

ఈ మార్పును చూసి బాధపడేవారు ఇంగ్లిష్‌లో చాలామందే ఉన్నారు. వారి వాదనలో బలముంది. అమెరికాలోని మహాలోయ గ్రాండ్ కాన్యన్‌కూ శాండ్‌విచ్‌కూ ఒకే మాట వాడితే, మొదటిదాని ముందు నిలబడినవాడికి చెప్పడానికి ఏం మిగులుతుంది అని వారు అడుగుతారు. మాటతోపాటు దానితో గుర్తుపట్టే అనుభవం కూడా మసకబారుతుందన్నది వారి అసలు భయం. తెలుగులో ‘అద్భుతం’ ప్రతి సినిమా ప్రకటన మీదా కనిపిస్తున్నప్పుడు మనకు కలిగే అసంతృప్తి ఇదే.

భాషాశాస్త్రజ్ఞులు సాధారణంగా ఇంకో వైపు నుంచి మాట్లాడతారు. ప్రశంస మాటలు పలచబడడం ప్రతి భాషలో, ప్రతి తరంలో జరిగినదే. నిన్న తప్పన్నది నేడు శిష్టవ్యవహారమవుతుంది, ‘విపరీతంగా నచ్చింది’ అనే వాక్యమే అందుకు రుజువు. పైగా మాట పలచబడినంత మాత్రాన అనుభవం పోదు, భాష దానికి వెంటనే ఇంకో మాట సమకూర్చుకుంటుంది. రెండు వాదాలనూ తూచి చూస్తే, మార్పు ఎందుకు వస్తుందో రెండోది చక్కగా వివరిస్తుంది, మార్పు వచ్చిన కాలంలో జీవిస్తున్నవారు పోగొట్టుకునేది ఏమిటో మొదటిది చెబుతుంది. నాకు రెండో వాదం నిజమనిపిస్తుంది, కానీ మొదటివారి బాధను చాదస్తమని తోసెయ్యలేను. ఒక మాటకు కొత్త అర్థం రావడం ఒకటి, పాత అర్థాన్ని చదవగలిగే శక్తిని మనం పోగొట్టుకోవడం మరొకటి.

తెలుగు చేసేటప్పుడు

ఇంగ్లిష్ నుంచి అనువదించేవారికి ఈ తేడా రోజువారీ పని. కొత్త అర్థంలో వచ్చిన ‘ఆసమ్’కు ‘భలే ఉంది’, ‘అదిరింది’, ‘చాలా బాగుంది’ సరిపోతాయి, ఎవరు ఎవరితో అంటున్నారో చూసి ఎంచుకోవాలి. మనవడు స్నేహితుడితో అనే ‘అదిరింది’ని తాతగారితో మాట్లాడుతున్న అల్లుడి నోట పెడితే పాత్ర చెడుతుంది, అక్కడ ‘చాలా బాగుందండీ’ అనాలి. పాత అర్థానికి ఒక్క మాట చాలదు. దేవుడి గురించి అయితే భయభక్తులు, ప్రకృతి గురించి అయితే విస్మయం లేదా భీకరం, బాధ్యత గురించి అయితే గురుతరమైన భారం. వీటన్నిటికీ దగ్గరగా వచ్చే తెలుగు మాట నాకు తెలిసినంతలో ‘గగుర్పాటు’. భయానికీ ఆనందానికీ కూడా ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి కనుక, అది ఏ కారణం వల్లనో మాట స్వయంగా చెప్పదు, పక్కనున్న వాక్యమే చెబుతుంది. బీచ్‌లో విమానం శబ్దానికి తండ్రి మెడ పట్టుకుని ఆకాశం వైపే చూస్తున్న పిల్లవాడి గురించి తెలుగులో రాయవలసి వస్తే, నేను ఆ మాటనే రాస్తాను.